చక్రం తిన్నగా ఉంటేనే ప్రయాణం చల్లగా
(మన సంఘం వార్షిక సమావేశంలో కార్ల వీల్ అలైన్‌మెంట్ గురించి చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా రక్తపోటు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి డాక్టర్లు మాట్లాడతారు. పెన్షన్ నిబంధనల గురించి ట్రెజరీలో పనిచేసిన మిత్రులు మాట్లాడతారు. నేను ఆర్.టి.సి. గ్యారేజీలో 33 సంవత్సరాలు పనిచేసిన మెకానిక్కుని. మెకానిక్కుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. నాకు తెలిసినది చక్రాలు, ఇరుసులు, స్టీరింగులు. కనుక నాకిచ్చిన ఈ అరగంటలో ఆ విషయమే మాట్లాడతాను.

మెకానిక్కు మాటలు మనకెందుకని ఉపాధ్యాయ మిత్రులు, రెవెన్యూ మిత్రులు అనుకోవచ్చు. మన సర్వీసు కాలంలో సైకిలు, ఆ తర్వాత స్కూటరు ఉంటే గొప్ప. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తర్వాత కూడా మనలాంటి వారికి కారు అందని పండుగానే ఉండేది. ఇప్పుడు అలా కాదు. గ్రాట్యుటీ డబ్బుతో కొనుక్కున్నవారున్నారు. అబ్బాయో అమ్మాయో కొనిపెట్టి "నాన్నా, ఆటోలెక్కి అవస్థ పడవద్దు" అన్నవారున్నారు. ఆ కార్లలో మనం ఎక్కడికి వెళ్తున్నాం? ఆసుపత్రికి వెళ్తున్నాం, తిరుపతికి, శ్రీశైలానికి వెళ్తున్నాం, మనుమల్ని దింపడానికి విమానాశ్రయానికి వెళ్తున్నాం. లోపల కూర్చున్నవారు అరవై, డెబ్బై దాటినవారు, లేదా పదేళ్ళ లోపు పసివారు. అందుచేత ఆ కారు కింద ఉన్న నాలుగు టైర్ల సంగతి మనకు తెలిసి ఉండాలి.

అలైన్‌మెంట్ అంటే ఏమిటి?

పల్లెటూళ్ళలో పెరిగిన వారందరికీ కాడి కింద జోడెడ్లు తెలుసు. రెండూ ఒకే దారిని చూస్తూ నడిస్తే బండి తేలికగా సాగుతుంది. ఒకటి కొంచెం ఎడమకు, ఒకటి కొంచెం కుడికి లాగుతూ ఉంటే బండి ముందుకు పోతూనే ఉంటుంది గాని ఎడ్ల మెడలు ఒరుసుకుపోతాయి. కారు చక్రాల సంగతీ అంతే. నాలుగు చక్రాలూ తయారీదారు నిర్ణయించిన కోణాల్లో ఉండి, ఒకే దిశలో నడిచేలా సరిచేయడమే వీల్ అలైన్‌మెంట్. ఇందులో ముఖ్యమైన కోణాలు మూడు.

మొదటిది టో. మనం నిలబడినప్పుడు కొందరికి కాలివేళ్ళు లోపలికి తిరిగి ఉంటాయి, కొందరికి బయటికి. చక్రాలను పైనుంచి చూస్తే అవీ అలాగే ఉంటాయి. ముందు అంచులు దగ్గరగా, వెనక అంచులు దూరంగా ఉంటే టో-ఇన్ అంటాం. దానికి విరుద్ధంగా ఉంటే టో-అవుట్.

రెండవది కాంబర్. చక్రాన్ని ఎదురుగా నిలబడి చూస్తే నిట్టనిలువుగా ఉందా, పైభాగం లోపలికో బయటికో వాలి ఉందా అన్నది ఇది. మీ పాత చెప్పుల మడమలు చూసుకోండి. కొందరికి బయటి పక్క, కొందరికి లోపలి పక్క ఎక్కువ అరిగి ఉంటాయి. కాంబర్ తేడా వస్తే టైరు కూడా సరిగ్గా అలాగే ఒక పక్క అరుగుతుంది.

మూడవది కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. మనం కుర్రతనంలో చేతులు వదిలి తొక్కినా సైకిలు తిన్నగా పోవడానికి అదొక కారణం. కారు స్టీరింగు తిరిగే ఇరుసుకు కూడా ఆ వాలు ఉంటుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడానికి ముఖ్య కారణం ఇదే.

మా తొలిరోజుల్లో ఈ కంప్యూటరు యంత్రాలు లేవు. బస్సు చక్రాలను జాకీ మీద లేపి, టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, ట్రామెల్ గేజితో ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి కొలిచి, టై రాడ్ తిప్పి టో సరిచేసేవాళ్ళం. ఇప్పుడు నాలుగు చక్రాలకు పలకలు బిగిస్తే కెమెరాలు చూసి కోణాలన్నీ తెర మీద చూపిస్తున్నాయి. పనిముట్టు మారింది గాని పని అదే. చాలా చిన్న కార్లలో సరిచేయడానికి వీలున్నది ముందు చక్రాల టో ఒక్కటే. మిగిలిన కోణాలు తేడా చూపిస్తే ఏదో భాగం వంగిందని గాని, అరిగిందని గాని అర్థం.

వెనక చక్రాలను కూడా కొలిపించాలి. అవి పక్కకు చూస్తూ ఉంటే కారు పీతలాగ ఓరగా నడుస్తుంది. దాన్ని తిన్నగా నడపడానికి స్టీరింగును ఎప్పుడూ ఒక పక్కకు పట్టుకోవలసి వస్తుంది.

చిన్న తేడాకు పెద్ద నష్టం

"రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకు ఏమౌతుందండీ" అని చాలామంది అడుగుతారు. లెక్కల మాస్టార్లు ముందు వరుసలో కూర్చున్నారు కనుక లెక్క చేసే చూద్దాం. టైరు ఎత్తు 60 సెంటీమీటర్లు, అంటే 600 మిల్లీమీటర్లు అనుకుందాం. ముందు కొలతకు, వెనక కొలతకు మధ్య ఉండవలసిన దానికన్నా 3 మిల్లీమీటర్లు తేడా వచ్చిందనుకోండి. 600కు 3 అంటే 200కు 1. ఆ తేడాను రెండు చక్రాలకు పంచితే ఒక్కొక్క దానికి 400కు 1. అంటే కారు 1 కిలోమీటరు నడిచేటప్పటికి ఒక్కొక్క ముందు టైరు రెండున్నర మీటర్లు పక్కకు ఈడ్వబడుతుంది. 10,000 కిలోమీటర్లు తిరిగితే 25 కిలోమీటర్లు! తారు రోడ్డు మీద రబ్బరును 25 కిలోమీటర్లు అడ్డంగా ఈడిస్తే ఏమౌతుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఈడ్చే పనికి ఇంధనం కూడా ఖర్చవుతుంది. మా డిపోల్లో కె.ఎం.పి.ఎల్. అనే మాట దేవుడి పేరులాగ రోజూ వినబడేది. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క అది. ఒక బస్సుకు ఆ అంకె పడిపోతే ఇంజను విప్పడానికి ముందు మేము చూసేవి మూడే. టైర్లలో గాలి, బ్రేకులు పట్టేస్తున్నాయా లేదా, చక్రాలు తిన్నగా ఉన్నాయా లేదా. చాలాసార్లు జబ్బు అక్కడే దొరికేది.

డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు ప్రమాదం అరుగుదల ఎక్కడ జరుగుతుందన్న దానిలో ఉంది. టైరు బయటి అంచు అరిగితే మనకు కనబడుతుంది. లోపలి అంచు అరిగితే స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వంగి చూస్తే తప్ప కనబడదు. మన వయసులో వంగి చూసేది ఎవరు? బయటనుంచి చూస్తే గాళ్ళు బాగానే ఉన్నట్లుంటాయి. లోపల తీగలు బయటపడి ఉంటాయి. మే నెల ఎండలో, నిండు బరువుతో, హైవే మీద 90, 100 వేగంతో పోతున్నప్పుడు అలాంటి టైరు పగిలితే స్టీరింగు పట్టుకున్న చేతుల్లో బలం చాలదు. వానలో అయితే అరిగిన పక్క నీటిని బయటికి తోయలేదు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర చేరి బండి జారుతుంది.

సర్వీసులో ఉండగా బ్రేక్‌డౌన్ పిలుపు మీద పోతూ, దారిలో బోల్తాపడిన కార్లను నేను పలుమార్లు చూశాను. ఒకసారి ఆగి సాయం చేశాం. వృద్ధ దంపతులు, నడిపింది వారి అల్లుడు. పెద్దాయన బతకలేదు. పగిలిన టైరు బయటి పక్క ఇంకా రెండేళ్ళు వచ్చేలా ఉంది, లోపలి పక్క నున్నగా బోడిగా ఉంది. ఆ ప్రమాదానికి అదొక్కటే కారణమని నేననను. వేగముంది, ఎండ ఉంది. కాని ఆ అల్లుడు ఆ టైరును చేత్తో తడుముతూ "బాగానే ఉంది కదండీ, నిన్ననే చూశాను కదండీ" అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆయన చూసింది బయటి పక్క.

ఈ ఉదయం నేను లోపలికి వచ్చేముందు ఆవరణలో ఆగి ఉన్న కార్ల టైర్లు చూసి వచ్చాను. మన్నించాలి, అలవాటు పోదు. పదకొండు కార్లున్నాయి. నాలుగింటికి ముందు టైర్లు ఒక పక్కే అరిగి ఉన్నాయి. ఒకదానికి ఎడమ ముందు టైరు లోపలి అంచులో తీగ కనబడుతోంది. ఆ మిత్రుడితో ఇందాకనే మాట్లాడాను. కార్యదర్శి గారు మనిషిని పంపి ఆ టైరు విప్పించి, స్టెప్నీ వేయిస్తున్నారు. వచ్చేవారం ఆయన కుటుంబంతో శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నారట. ఇక నిశ్చింతగా వెళ్ళవచ్చు, అలైన్‌మెంట్ చేయించుకుని, కొత్త టైర్లతో.

ఎందుకు తప్పుతుంది?

కారు కొన్నప్పుడు సరిగ్గా ఉన్నది తర్వాత ఎందుకు తప్పుతుంది? కారణాలు మన రోడ్ల మీదనే ఉన్నాయి. వాన తర్వాత నీళ్ళు నిండి లోతు తెలియని గుంతలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, రైలు గేటు దగ్గర పట్టాల ఎత్తుపల్లాలు, పార్కింగు చేస్తూ చక్రాన్ని పేవ్‌మెంటు అంచుకు గుద్దడం. ఇవి కాక, కాలక్రమాన టై రాడ్ చివరి కీళ్ళు, బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు అరుగుతాయి. మన మోకాళ్ళలో గుజ్జు అరిగినట్లే.

ఇక్కడ మన విశ్రాంత ఉద్యోగులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మనం కారు తక్కువ నడుపుతాం. "నాది సంవత్సరానికి మూడువేల కిలోమీటర్లు కూడా తిరగదండీ, నాకెందుకు" అంటారు. కాని గుంతకు మీరు తిరిగిన కిలోమీటర్ల లెక్కతో పని లేదు. ఒక్క దెబ్బ చాలు. పైగా కదలకుండా ఉన్న కారులో గాలి తగ్గుతుంది, రబ్బరు ముదురుతుంది.

గుర్తుపట్టడం ఎలా?

యంత్రం లేకుండా, ఖర్చు లేకుండా మీరే చూసుకోగల గుర్తులు చెబుతాను. రాసుకోదలచినవారు రాసుకోండి.

1. తిన్నని రోడ్డు మీద పోతున్నప్పుడు స్టీరింగు చక్రం వంకరగా ఉంటే అనుమానించాలి.

2. సమతలమైన రోడ్డు మీద పట్టు కొంచెం సడలిస్తే కారు ఒక పక్కకు లాగుతుంటే అనుమానించాలి. చేతులు పూర్తిగా వదలవద్దు. మన రోడ్లు నీరు పోవడానికి అంచులకు వాలుగా ఉంటాయి. అందుచేత కొద్దిగా ఎడమకు లాగడం సహజం. గట్టిగా లాగితేనే లోపం.

3. మలుపు తిరిగాక స్టీరింగు మధ్యకు రాకుండా మొరాయిస్తే చూపించాలి.

4. బండి ఆపి, టైరు చల్లారాక, అరచేతిని టైరు మీద అడ్డంగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి రాయండి. ఒక వైపు రాస్తే నున్నగా, రెండో వైపు రాస్తే రంపపు పళ్ళలాగ గుచ్చుకుంటే అది టో లోపం. తీగ బయటపడి ఉంటే చేతికి గుచ్చుకుంటుంది, ముందు కంటితో చూసి తర్వాతే తడమండి.

అన్ని అరుగుదలలూ అలైన్‌మెంట్ వల్ల రావు. ఈ తేడా తెలుసుకోకపోతే అనవసరపు ఖర్చు. రెండు అంచులూ సమానంగా అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ. మధ్య అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే కాంబర్ గాని టో గాని. అక్కడక్కడ పల్లాలుగా అరిగితే బ్యాలెన్సింగ్ లోపమో, షాక్ అబ్సార్బర్ లోపమో.

బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ ఒకటే అనుకునేవారు చాలామంది. రెండూ వేరు. బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా రిమ్ముకు చిన్న తూకపు బిళ్ళలు అతికించడం. ఒక వేగానికి వచ్చేసరికి స్టీరింగు వణికితే అది సాధారణంగా బ్యాలెన్సింగ్. కారు పక్కకు లాగితే అలైన్‌మెంట్.

ఎప్పుడు, ఎలా చేయించాలి?

కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గడువే ప్రమాణం. పుస్తకం పోగొట్టుకున్నవారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి, లేదా సంవత్సరానికి ఒకసారి, ఏది ముందు వస్తే అప్పుడు చూపించుకోవచ్చు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే కారుకూ ఈ పరీక్ష చేయించండి, గుర్తుంటుంది. మనం బతికే ఉన్నామని రుజువు ఇచ్చుకుంటున్నాం, కారు కూడా ఇవ్వాలి కదా! ఇవి కాక, పెద్ద గుంతలో పడినప్పుడు, కొత్త టైర్లు వేయించినప్పుడు, స్టీరింగు గాని సస్పెన్షన్ గాని విప్పి బిగించినప్పుడు, గడువుతో పని లేకుండా చేయించాలి.

దుకాణానికి వెళ్ళినప్పుడు వరుస ముఖ్యం. ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. ఎన్ని పౌన్లు ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. తర్వాత జాకీ మీద లేపి కీళ్ళు, బుష్‌లు, బేరింగులు వదులుగా ఉన్నాయేమో చూడాలి. వదులున్న కీళ్ళతో చేసిన అలైన్‌మెంట్ కూలిన గోడకు సున్నం వేసినట్లే. ఇవన్నీ అయ్యాకే కోణాలు. డిక్కీలో సిమెంటు బస్తాలు, గ్యాస్ సిలిండర్లు వంటి బరువులు ఉంటే దింపి వెళ్ళండి. పని అయ్యాక "ముందు ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది" అన్న కాగితం అడిగి తీసుకోండి. చాలా యంత్రాలు అది అచ్చువేసి ఇస్తాయి. చివరగా మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని ఒక కిలోమీటరు నడిపి చూడండి. స్టీరింగు తిన్నగా ఉంటేనే డబ్బు ఇవ్వండి.

ఒక హెచ్చరిక. కొన్నిచోట్ల కాంబర్ తప్పిందని చెప్పి, పరికరంతో భాగాలను వంచి సరిచేస్తామంటారు. పుస్తకంలో అలాంటి పద్ధతి లేకపోతే ఒప్పుకోవద్దు. ఒకసారి వంగిన ఇనుమును మళ్ళీ వంచితే బలం తగ్గుతుంది. వంగినది ఏ భాగమో కనుక్కుని మార్పించుకోవడమే క్షేమం.

టైర్ల వయసు కూడా చూసుకోండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్ళు దాటిన టైరును ఏటా తెలిసినవారితో పరీక్ష చేయించాలి. పదేళ్ళు దాటితే చూపుకు ఎంత కొత్తగా ఉన్నా తీసేయాలి. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పనికిరాదు. గాడి అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే గడువు తీరినట్లే.

ఖర్చు మాట. అలైన్‌మెంట్‌కు అయ్యేది వందల్లో. నాలుగు టైర్లకు అయ్యేది వేలల్లో, పెద్ద కార్లకు అంతకన్నా చాలా ఎక్కువ. నెలవారీ పెన్షన్ మీద బతికే మనకు ఆ తేడా చిన్నది కాదు. ఆసుపత్రి ఖర్చుతో పోలిస్తే రెండూ చిన్నవే.

సోదరీమణులకు ఒక మాట. మీలో కొందరు భర్త పోయిన తర్వాత యాక్టింగ్ డ్రైవరును పిలిపించుకుని కారు వాడుకుంటున్నారు. "అవన్నీ వారు చూసుకునేవారు, నాకేం తెలుసు" అంటారు. మీరు అడగవలసినవి నాలుగే ప్రశ్నలు. గాలి ఎప్పుడు చూశావు? స్టీరింగు తిన్నగా ఉందా? టైరు లోపలి పక్క చూశావా? అలైన్‌మెంట్ కాగితం ఏది? ఈ నాలుగూ అడిగితే చాలు, అడిగేవారున్నారని డ్రైవరుకు తెలుస్తుంది. గ్యారేజీలో అయినా, ఇంట్లో అయినా పని జరిగేది అడిగేవారుంటేనే.

ఇప్పటినుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం 7 గంటల నుంచి 9 గంటల వరకు నేను సంఘ కార్యాలయం ఆవరణలో ఉంటాను. గాలి కొలిచే గేజి, గాడి లోతు చూసే కొలబద్ద, టార్చిలైటు నా దగ్గరున్నాయి. మీ కార్లు తీసుకురండి, టైర్లు చూసి పెడతాను. మీరు వంగనక్కరలేదు, నేను వంగుతాను. ఇంకా ఆ ఓపిక ఉంది. రుసుము ఏమీ లేదు. రిపేరు నేను చేయను, దుకాణం పేరు కూడా చెప్పను. ఏం చేయించుకోవాలో మాత్రం కాగితం మీద రాసి ఇస్తాను.